గుత్తి కోట మీద 5 వాట్లు: రెండు గంటలు పిలిచినా ఒక్కరూ పలకలేదు

గుంతకల్లు_వైండింగ్:
అందరికీ నమస్కారం. మాది గుంతకల్లు, మోటార్ల వైండింగ్ షాపు. హ్యామ్ (సరదాకి నడుపుకునే రేడియో) లైసెన్సు వచ్చి ఏడాదిన్నర. ఇంటి దగ్గర రేడియో పెడితే వెనక 25 వేల వోల్టుల రైల్వే లైను, చుట్టూ ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ బల్బులు. గరగర తప్ప ఏమీ వినపడదు. అందుకే పోయిన ఆదివారం అన్నీ మూట కట్టుకుని గుత్తి కోట ఎక్కినా.

5 వాట్ల సెట్టు, పాత యూపీఎస్‌లోంచి పీకిన 7 ఏహెచ్ బ్యాటరీ (అదొక్కటే రెండు కిలోల పైన, భుజం వాచింది), 7 మీటర్ల ఫైబర్ గడ, యాంటెన్నాగా 20 మీటర్ల తీగ. తీగ మొదట్లో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుట్టినా, ప్రైమరీ 2, సెకండరీ 14 చుట్లు. రోజూ మోటార్లు చుట్టేవాడికి అదెంత, టీ చల్లారేలోపు అయిపోయింది.

గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మంటపానికి కాస్త అవతల బండల మీద గడ నిలబెట్టి, తీగను పల్లానికి వాలేశా. పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా 7 మెగాహెర్ట్జ్‌లో పిలిచి పిలిచి గొంతు పోయింది. గాలికి తీగ చివర బండకు తగిలినప్పుడల్లా ఎస్‌డబ్ల్యూఆర్ (తీగ నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరుంటే మంచిది) 4 దాటుతోంది. మైదానం నుంచి 300 మీటర్లు ఎక్కితే కనీసం హైదరాబాదైనా పలకాలి కదా? నా చుట్టడంలోనే తప్పుందా?

కడప_పాతసెట్టు:
అన్నా, చుట్టింది సరిగ్గానే ఉంది. 14ని 2తో భాగిస్తే 7, దాని వర్గం 49. సెట్టుకూ ఈ తీగకూ ఇంపిడెన్సు జత కుదరడానికి కావాల్సిన నిష్పత్తి అదే. తప్పంతా టైములో ఉంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పైన అయనావరణంలో అడుగున ఉండే డి పొర బలపడి 7 మెగాహెర్ట్జ్‌ను తాగేస్తుంది. 5 వాట్ల మాట దానికి ఏ మూలకి? పొద్దున్నే పిలువు, లేదా సాయంత్రం. మధ్యాహ్నమే కుదిరితే 14 మెగాహెర్ట్జ్‌కి మారు. తీగ కత్తిరించే పని లేదు, 7కి సగం తరంగం పొడవున్న తీగ 14కి పూర్తి తరంగం అవుతుంది, అదే ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది.

ఇంకోటి, ఆ తీగ రెండు చివర్లా వోల్టేజీ ఎక్కువ. నువ్వు పంపే 5 వాట్లకే వంద వోల్టులు దాటుతుంది. బండకు తగిలితే ఎస్‌డబ్ల్యూఆర్ ఎగరక ఏం చేస్తుంది? చివర రెండు మీటర్ల నైలాన్ తాడు కట్టి గాల్లో ఉంచు, చేత్తో ముట్టుకోవద్దు.

ఎత్తు సంగతంటావా, వందల కిలోమీటర్ల పైన అయనావరణానికి తగిలి కిందికి దిగే సిగ్నల్‌కు నీ 300 మీటర్లు లెక్కలోకి రావు. కొండ ఇచ్చే లాభం గరగర లేకపోవడమే. ఎత్తు పనికొచ్చేది 145 మెగాహెర్ట్జ్‌లో, అది పైన తగిలి రాదు, నేరుగా పోతుంది. మీటర్ల ఎత్తుకు వర్గమూలం తీసి 4.1తో గుణించు, 71 కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందుతుంది. అనంతపురం 50 కిలోమీటర్లే, చేతిలో పట్టే సెట్టు చాలు.

కర్నూలు_కొండగాలి:
బ్యాటరీ మార్చండి సార్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 6 ఏహెచ్‌ది కిలో లోపే తూగుతుంది. ఎండాకాలం సాయంత్రాలు మబ్బు పట్టిందంటే గడ దించి కిందికి వచ్చేయండి, బోడికొండ మీద పిడుగుకు మీరే ఆనవాలు. కోట గోడలకు తాళ్ళు, మేకులు వద్దు, గడ చుట్టూ రాళ్ళు పేర్చుకోండి. లైసెన్సు కాపీ జేబులో ఉండాలి, ఇంటి చిరునామా బయట వాడటానికి దానిలో ఏ షరతులున్నాయో ముందే చదివి పెట్టుకోండి. నా గడ చూసి ఒకసారి ఊరివాళ్ళు సెల్ టవర్ సర్వే అనుకున్నారు. “సిగ్నల్ ఎప్పుడొస్తుంది సామీ” అని అరగంట వదల్లేదు. కాదని చెబితే నమ్మరే!

గుంతకల్లు_వైండింగ్:
ఈ ఆదివారం మళ్ళీ పోయొచ్చినా. తెల్లారకముందే బండి తీసి, ఏడున్నరకల్లా పైన తీగ కట్టేసినా, చివర నైలాన్ తాడుతో. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4, కదల్లేదు. మూడో పిలుపుకే బెంగళూరు! ఆ తర్వాత చెన్నై, ఇంకా ఇద్దరు. గుత్తి అంటే నా నోట్లోంచి “కుట్టి” అని వినబడుతోందట, మూడుసార్లు అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చింది. తొమ్మిదిన్నరకు 14కి మారితే ఇండోనేసియా మనిషి పలికాడు. నా చేతులు వణికి లాగ్ పుస్తకంలో టైము తప్పు రాసినా.

ఈలోగా కోతి వచ్చి శనక్కాయల సంచి ఎత్తుకుపోయింది. పాత బ్యాటరీ మాత్రం ముట్టలేదు, దానికీ బరువనిపించిందేమో.

వచ్చే నెల పెనుకొండ ఎక్కాలనుంది. ఆ రోజు పొద్దున ఎనిమిదికి అనంతపురంలో 145 మీద వింటూ ఉండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?