పాచిక ఎవరిది, పారడం ఎవరిది?

బరంపురం నుంచి: ఒడిశాలో ఆశ్వయుజ పున్నమికి చేసుకునే కుమార పున్నమి పండుగ రాత్రి మా వీధిలో తెల్లవార్లూ పాచికలాట. ఓడిపోయిన పక్కింటి ఒడియా పెద్దాయన నుదురు తట్టుకుని ‘కపాళ’ అన్నారు. మనకు కపాలమంటే పుర్రె. వాళ్లకు నుదురూ అదే, నుదుటి రాతా అదే. గెలిచిన మా మామయ్య మాత్రం ‘చూశావా, నా పాచిక పారింది’ అన్నారు. ప్రతిసారీ గుప్పిట మూడుసార్లు ఊపి, నోటి దగ్గర పెట్టుకుని ఊది మరీ వేస్తారాయన. పెద్ద అంకె కావాలంటే గట్టిగా, చిన్నది కావాలంటే మెల్లగా! ఓడితే రాత, గెలిస్తే మన తెలివి. ఈ తేడా మన పలుకుబడిలోనే ఉందా?

పర్లాకిమిడి నుంచి: ఉందండీ, నన్ను చాలాకాలంగా వేధిస్తున్న మాట ఇది. పాచిక సంస్కృత పాశకం నుంచి వచ్చింది. పారడం అంటే దొర్లుతూ పోవడం. వేయడం మన పని, పారడం పాచిక పని; వ్యాకరణం అంత స్పష్టంగా చెబుతోంది. కానీ ‘నీ పాచికలు నా దగ్గర పారవు’ అన్నప్పుడు పాచిక అంటే ఎత్తుగడ. కేవలం యాదృచ్ఛికమైన సంగతికి పెట్టిన పేరు యుక్తికి పేరైపోయింది! జూదరి మనసులో జరిగే పొరపాటే మాటలోనూ జరిగింది. ఆరు ముఖాల పాచికలో నాలుగుసార్లు వరుసగా ఆరు పడినా, ఐదోసారీ దాని అవకాశం ఆరింట ఒక వంతే. ఊదినా అంతే, ఊదకపోయినా అంతే.

చెయ్యి తగిలితే చాలు, వస్తువు మనదైపోతుంది. 1975లో ఎల్లెన్ లాంగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగంలో, డాలరు లాటరీ టికెట్టును స్వయంగా ఎంచుకున్నవారు తిరిగి అమ్మమంటే సగటున 8 డాలర్లకు పైగా అడిగారు. ఇచ్చినది తీసుకున్నవారు 2 డాలర్లలోపే అడిగారు. రెండు టికెట్లకూ గెలిచే అవకాశం సమానమే.

నలుడి కథ గుర్తుందా? అయోధ్య రాజు ఋతుపర్ణుడు తానిచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టి, ఆ తర్వాత నలుడికి అక్షహృదయం, అంటే పాచికల మర్మం తెలిపే విద్య, నేర్పాడు. పూర్వం పాచికలుగా వేసినవి ఆ తానికాయలే. జూదంలో సర్వం పోయినవాడికి ఆ ఘట్టంలో దొరికింది లెక్క! అక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను.

బరంపురం నుంచి: మామయ్యకు చదివి వినిపించానండీ. ‘అయితే పడింది అనాలి కాబోలు’ అన్నారు. రాయగడ, కోరాపుట్ మిత్రులారా, మీ ఇళ్లలో పాచిక పడుతుందా, పారుతుందా?