నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు గురించి సలహా కావాలి

నమస్కారం. మాది వరంగల్. నాన్నగారు 60 ఏళ్లు నిండి ప్రైవేటు కంపెనీలో రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 52 లక్షలు వచ్చాయి. ఈపీఎస్ పెన్షన్ మందులకే సరిపోతుంది. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. ఇంటి ఖర్చుకు నెలకు 30 వేలు కావాలి.

సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో గరిష్ఠంగా 30 లక్షలు పెట్టొచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తాయి. అమ్మా నాన్నల పేరిట పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో మరో 15 లక్షలు పెడితే ఇప్పటికి ఇల్లు గడిచిపోతుంది. కానీ ఆ వడ్డీ పెరగదు, ధరలు ఆగవు. పదేళ్ల తర్వాత సంగతేంటన్నదే నా భయం. అందుకే ఆ 15 లక్షల్లో కొంత మ్యూచువల్ ఫండ్స్‌లో పెట్టాలా?

ఈలోపు బ్యాంకావిడ ఏటా 5 లక్షలు కట్టే ఇన్సూరెన్స్ పాలసీ కాగితం తెచ్చి, చివర్లో వచ్చే మొత్తం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి మరీ చూపించింది. మధ్యలో ఆపేస్తే ఎంత పోతుందో మాత్రం చెప్పలేదు. మామయ్యేమో హన్మకొండ దగ్గర ప్లాటు కొనమంటున్నాడు. ప్లాటు నెలనెలా ఖర్చులకు డబ్బివ్వదు కదా!

కమీషన్ మీద కాకుండా ఫీజు తీసుకుని సలహా ఇచ్చే, సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న అడ్వైజర్ కావాలి. నాన్నగారితో తెలుగులో ఓపిగ్గా మాట్లాడాలి. వరంగల్, హైదరాబాద్ ఎక్కడైనా సరే. మీలో ఎవరైనా అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లారా? ఫీజు ఎంత తీసుకున్నారు? మొదటిసారి కలిసినప్పుడు ఏమేం అడగాలి?