నాన్నకి 72 ఏళ్ళు, చేతిలో గేమ్ కంట్రోలర్: కొననివ్వాలా, వద్దనాలా? మీ అనుభవాలు చెప్పండి

రెండో అమ్మాయి
రిటైరయ్యాక నాన్న ఫోన్లో రంగు గోళీలు మూడేసి కలిపి పేల్చే ఆట ఒకటి ఆడుకునేవారు. మోకాళ్ళ నొప్పులతో నడక బాగా తగ్గించేశారు. పోయిన నెల మా అబ్బాయి తన కంట్రోలర్ తాతయ్య చేతిలో పెట్టి కార్ల రేసు మొదలుపెట్టాడు. మొదటి రోజు రేసంతా కారుని గోడకి రాసుకుంటూనే నడిపారు. నాలుగో రోజుకి "ఆ మలుపులో కాదురా, మలుపుకి ముందే బ్రేకు నొక్కాలి" అని వాడికే పాఠం చెబుతున్నారు. చూడ్డానికి సంతోషంగానే ఉంది. కానీ నిన్న రాత్రి పన్నెండున్నరకి నీళ్ళకోసం లేస్తే హాల్లో టీవీ వెలుగుతోంది. ఇప్పుడు సొంతంగా ఒక కన్సోల్, అదే టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె, కొనుక్కుంటానంటున్నారు. మా అక్కేమో "ఈ వయసులో ఈ పిచ్చేంటి" అని ఫోన్లో ఒకటే కేకలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఆడుతుంటే ఎలా ఉందో చెప్పండి. మీరే పెద్దవాళ్ళయితే మరీ మంచిది.

69 నాటౌట్
అమ్మాయ్, పేరులో ఉన్నదే నా వయసు. నేనూ మీ నాన్నగారి జట్టే. నాకు ఆట నేర్పింది మనవరాలు. కంట్రోలర్ మీద రెండు పుల్లలుంటాయి కదా, ఎడమ బొటనవేలు కాళ్ళు, కుడి బొటనవేలు కళ్ళు. ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి నాకు మూడు వారాలు పట్టింది. అన్నాళ్ళూ నా మనిషి ఆకాశంలోకి చూస్తూ గోతుల్లో పడుతూనే ఉన్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి వేళ్ళు వాటంతట అవే తిరిగాయి. సైకిలు నేర్చుకున్న రోజు మళ్ళీ వచ్చినట్టయింది.

మెదడు సంగతి నాకు తెలీదు. పొద్దున్నే లేవగానే "ఇవాళ ఫలానా పని ఉంది" అనిపించడం మాత్రం ఉద్యోగం వదిలాక ఇదే మొదటిసారి. మీ అక్కకి చెప్పు: జపాన్‌లో హమాకో మోరి అనే ఆవిడకి 2020లో, 90 ఏళ్ళ వయసులో, అందరికంటే పెద్ద గేమింగ్ యూట్యూబర్‌గా గిన్నిస్ గుర్తింపు వచ్చింది. ఆవిడ ముందు మీ నాన్న కుర్రాడే.

సందేహాలరావు
కాలక్షేపం అంటే ఒప్పుకుంటాను. "మెదడు పదునెక్కుతుంది, మతిమరుపు రాదు" అనే మాట వస్తే మాత్రం ఊరుకోను. మెదడు ఆటలు అమ్మే లుమోసిటీ సంస్థ సరిగ్గా ఇలాంటి ప్రచారమే చేసి, 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 20 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. వయసుతో వచ్చే మతిమరుపుని ఆపుతామన్నారు, చూపించడానికి సరైన ఆధారం లేదు. పదాల పజిల్ రోజూ చేస్తే పదాల పజిల్ బాగా వస్తుంది, అంతే. తాళంచెవులు ఎక్కడ పెట్టామో గుర్తుంటుందనేం లేదు.

ఫుట్‌నోటు
సందేహాలరావు గారూ, ఆ ప్రచారం విషయంలో మీతోనే ఉన్నాను. కానీ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 55 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళని తీసుకుని, కొందరితో ఆరు నెలలు సూపర్ మారియో 64 అనే వీడియో గేమ్ ఆడించారు. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. ఇంకొందరికి పియానో నేర్పారు, మిగతావాళ్ళకి ఏమీ నేర్పలేదు. 2017లో ఫలితాలొచ్చాయి. మారియో ఆడినవాళ్ళ హిప్పోక్యాంపస్‌లో, అంటే దారులూ కొత్త జ్ఞాపకాలూ చూసుకునే చోట, గ్రే మ్యాటర్ (నాడీకణాలుండే పదార్థం) పెరిగింది. చుట్టూ తిరిగి చూడాల్సిన లోకం ఉన్న ఆట కదా, ఏ గది ఎటు ఉందో మనసులో పటం గీసుకోవాలి.

2013లో నేచర్ అనే సైన్స్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది ఇంకోటి, న్యూరోరేసర్. ఒకపక్క కారు నడుపుతూనే మరోపక్క కనిపించే గుర్తులకి స్పందించాలి. 60 నుంచి 85 ఏళ్ళవాళ్ళు నెలలో 12 గంటలు ఆడాక, రెండు పనులు ఒకేసారి చేయడంలో అసలు ఆడని ఇరవయ్యేళ్ళవాళ్ళని దాటారు. ఆరు నెలల తర్వాత కూడా అది నిలిచింది.

సందేహాలరావు
మారియో దాంట్లో ఎంతమంది?

ఫుట్‌నోటు
మూడు గుంపులూ కలిపి 33.

సందేహాలరావు
మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అంతకంటే ఎక్కువమంది ఉన్నారండీ.

ఫుట్‌నోటు
నిజమే, చిన్నదే. పెద్దది కావాలంటే అమెరికాలో యాక్టివ్ అని 65 దాటిన దాదాపు 2,800 మందితో చేసినది ఉంది. జ్ఞాపకశక్తి పాఠాలు ఒక గుంపుకి, తర్కం పాఠాలు ఒక గుంపుకి, తెర మధ్యలోనూ అంచుల్లోనూ కనబడేవాటిని క్షణంలో పట్టుకునే వేగం శిక్షణ మూడో గుంపుకి. నాలుగో గుంపుకి ఏదీ లేదు. పదేళ్ళ తర్వాత డిమెన్షియా (తీవ్రమైన మతిమరుపు జబ్బు) ముప్పు తగ్గినట్టు కనిపించింది వేగం గుంపులో మాత్రమే, 29 శాతం. జ్ఞాపకశక్తి పాఠాలు చదివిన గుంపులో ఆ తేడా లేదు, అదీ చిత్రం! దాన్నిబట్టి కార్ల రేసు మందులా పనిచేస్తుందని నేననను. అలవాటైన ఆటకంటే కాస్త చెమటలు పట్టించే కొత్త ఆట మేలని మాత్రం అంటాను. గోళీలు పేల్చడం మీ నాన్నగారికి చేతికి అలవాటైపోయింది. రేసు ఇంకా కష్టంగానే ఉంది కదా, అదే కావాలి.

గోడ పక్కనే
నేను ఫిజియోథెరపిస్టుని. మెదడు గురించే మాట్లాడుతున్నారు, నడుము సంగతి ఎవరూ ఎత్తలేదు. సోఫాలో కూర్చుని ఆడితే అది కూర్చోవడమే, వ్యాయామం కాదు. 65 దాటినవాళ్ళు వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు కదపాలనీ, బ్యాలెన్సూ కండబలమూ పెంచే కసరత్తు కనీసం మూడు రోజులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కార్ల రేసు అందులోకి రాదు.

నిలబడి ఆడే ఆటలు వేరే సంగతి. నింటెండో వీ, అంటే రిమోట్ చేత్తో ఊపుతూ ఆడే కన్సోల్, వచ్చిన కొత్తలో వృద్ధాశ్రమాల్లో బౌలింగ్ పోటీలు పెట్టుకునేవారు. ఒక కాలిమీద నుంచి ఇంకో కాలిమీదకి బరువు మార్చడం, పక్కకి ఒరగడం, తిరిగి నిలదొక్కుకోవడం, నేను క్లినిక్‌లో చేయించేవి కూడా ఇవే. నేను చెబితే పదిసార్లు చేసి "చాలమ్మా" అనేవాళ్ళు తెరమీద మార్కులు పడుతుంటే నలభైసార్లు చేస్తారు.

కానీ జాగ్రత్త. 2007లో ఒక వైద్య పత్రికలో "వీ-ఐటిస్" అని సరదా పేరుతో ఒక కేసు వచ్చింది. టీవీ ముందు గంటల తరబడి టెన్నిస్ ఆడి భుజం పట్టేసింది. ఆ మనిషికి 29 ఏళ్ళే! పెద్దవాళ్ళు మొదట్లో పది నిమిషాలే ఆడాలి. పక్కనో వెనకో బరువైన కుర్చీ ఉండాలి. చాప, తివాచీ తీసేయాలి. నున్నటి నేలమీద మేజోళ్ళతో వద్దు. కళ్ళు మూసేసే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే కూర్చునే ఆడాలి, ఆ కుర్చీకి చక్రాలు ఉండకూడదు.

మీ నాన్నగారికి ఒక చిట్కా: ప్రతి రేసు అయ్యాక తర్వాతది లోడ్ అయ్యేలోపు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మోకాలు మరీ నొప్పిగా ఉంటే చేతులు ఆనించినా పర్లేదు. మా పేషెంట్ ఒకాయన దీనికి "పెట్రోలు కొట్టించుకోవడం" అని పేరు పెట్టుకున్నారు.

కళ్ళద్దాల బిడ్డ
మా అమ్మకు 66. మా తమ్ముడు తుపాకి వట్టుకొని ఉరికే ఆట వెట్టిండు. ఐదు నిమిషాలల్ల తల తిరుగుతుందని పండుకున్నది, మళ్ళ రెండు నెలలు టీవీ దిక్కు చూడలే. తప్పు ఆమెది కాదు, సెట్టింగ్స్‌ది. కెమెరా ఊగుడు, మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకైతది) బంద్ చేసి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు కనవడ్తదో అది) పెంచి, కుర్చీ ఎన్కకు జరిపినంక మస్తు తగ్గింది. సబ్‌టైటిల్స్ పెద్దగ పెట్టుడు మర్వకున్రి.

ఇంకోటి. అమ్మకు మెడనొప్పి ఎందుకొస్తుందో చానా రోజులు సమజ్ కాలే. ఆమెవి ప్రోగ్రెసివ్ అద్దాలు, పైభాగం దూరానికి, కింది భాగం దగ్గరకు. కింది భాగంల నుంచి చూడనీకె గడ్డం పైకెత్తి గంటలు గంటలు కూసుంటుండె. టీవీ దూరానికి వేరే అద్దాలు చేపిచ్చినం, మెడ మంచిగైంది.

పర్సు జాగ్రత్త
కన్సోల్ కంటే ఆ ఫోన్ ఆటకే నేను భయపడతాను. ఉచితం అనే పేరే గానీ, ఓడిపోయిన మరుక్షణం "ఇంకో ఐదు ఎత్తులు కావాలా" అని పచ్చ బటన్ వస్తుంది. మా మావయ్య అది ఆటలో భాగమనుకుని నొక్కుతూ పోయారు. నెలాఖరుకి బిల్లు చూసి ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు. ఫోన్లో కొనుగోళ్ళకి పాస్‌వర్డ్ పెట్టి, కార్డు తీసేయండి. ఒక్కసారి డబ్బు పెట్టి కొనుక్కునే ఆట చివరికి చవక.

రాత్రి డ్యూటీ
పన్నెండున్నర గురించి: ఒక్క రాత్రికే వ్యసనం అనేయకండి. గేమింగ్ డిజార్డర్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉంది, ఐసీడీ-11 అంటారు దాన్ని, 2022 నుంచి అమల్లో ఉంది. కానీ అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాదిపాటు సాగితే ఆ మాట అంటారు. తిండి, మందులు, స్నానం, మనుషులతో మాట వేళకి జరుగుతున్నాయా చూడండి. ముందు అసలు ఎందుకు మేలుకున్నారో ఆయన్నే అడగండి. మేం నర్సులం కూడా వార్డులో మొదట అడిగేది అదే.

రెండో అమ్మాయి
అడిగాను! ఆయన ఆడనే లేదట. పడుకునేముందు ఏదో బటన్ నొక్కితే ఆటంతా తెలియని భాషలోకి మారిపోయింది. మమ్మల్ని లేపడం ఇష్టంలేక రెండు గంటలు ఒక్కో మెనూలోకి దూరి బయటికొస్తూ కూర్చున్నారు. పక్కన పాత డైరీ. అందులో కంట్రోలర్ బొమ్మ పెన్సిల్‌తో గీసి, ప్రతి బటన్ దగ్గరా రాసుకున్నారు: "ఇది బ్రేకు", "ఇది వెనక్కి", ఒకదాని దగ్గర "దీని జోలికి పోవద్దు".

ఇంకో సంగతి. కారు తనంతట తనే ఎడమకి లాగుతోందని మొదట్నుంచీ అంటున్నారు. ఆడలేక మద్దెల ఓడంటున్నారని మేం నవ్వాం. నిన్న మా అబ్బాయి వేలు పెట్టకుండా ఆ కంట్రోలర్ బల్లమీద ఉంచి చూశాడు. పుల్ల అరిగిపోయింది, కారు నిజంగానే ఎడమకి పోతోంది. మద్దెల ఓడే. నెల రోజులు ఆ ఓడుతోనే మలుపులన్నీ నేర్చుకున్నారాయన!

కొనుక్కోమన్నాం. రాత్రి పదికి ఆపాలని షరతు పెట్టాం, గోడ పక్కనే గారి పెట్రోలు చిట్కా కూడా చెప్పాను. నాలుగుసార్లు లేచి "ట్యాంకు నిండింది" అన్నారు.

69 నాటౌట్
కొత్త కంట్రోలర్‌తో ఆయనిప్పుడు కుడిగోడకి కొడతారు చూడు, నెల రోజుల అలవాటు మరి. ఆయన గేమ్ ఐడీ పంపమ్మా, కలిసి ఆడతాం. రేసుల్లో నేనింకా కొత్త, నా కారూ గోడకి రాసుకుంటూనే పోతుంది.