హరికేన్ మోడల్‌పై డెకాల్స్ కింద వెండి మెరుపు: ఎలా పోగొట్టాలి?

1/72 స్కేల్‌లో (అసలు దానిలో 72వ వంతు సైజులో) హాకర్ హరికేన్ టూ-సీ యుద్ధ విమానం మోడల్ కడుతున్నాను. రెక్కల్లో నాలుగు 20 మి.మీ. ఫిరంగులుండే రకం. బర్మా యుద్ధంలో మన వైమానిక దళం నడిపిన విమానంలాగే ఉండాలని నా పట్టుదల. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడి గుర్తుతో పొరబడకుండా అక్కడ మిత్రపక్షాల గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు కదా, అందుకే ముదురు నీలం, లేత నీలం వలయాల డెకాల్సే (నీళ్లలో నానబెట్టి అంటించే పలుచని స్టిక్కర్లు) అంటించాను.

చిక్కంతా అక్కడే వచ్చింది. ముదురు ఆకుపచ్చ మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ మీద గ్లాస్ కోట్ (నున్నగా మెరిసే పారదర్శక పూత) వేయకుండా నేరుగా అంటించేశాను. ఆరాక డెకాల్ కింద గాలి చిక్కి, అంచుల చుట్టూ వెండిలా మెరుస్తోంది. ముఖ్యంగా వెనక భాగంలో, గుడ్డ కప్పిన గట్లు ఉన్నచోట, అసలు అతుక్కోలేదు. మూడు వారాల పని, చూస్తుంటే బాధగా ఉంది.

సూదితో చిన్న రంధ్రాలు పొడిచి సెట్టింగ్ సొల్యూషన్ (డెకాల్‌ను మెత్తబరిచి అతుక్కునేలా చేసే ద్రవం) పూస్తే లోపలికి దిగుతుందా? లేక టేపుతో పీకేసి మళ్లీ మొదలుపెట్టడమే మంచిదా? నా దగ్గర అదనపు డెకాల్స్ లేవు. మాది విశాఖ, గాలిలో తేమ ఎక్కువ. ఈ వాతావరణంలో స్ప్రే గ్లాస్ కోట్ తెల్లబారకుండా ఎలా వేస్తున్నారో కూడా చెప్పండి. రెక్కల మీది తెల్ల పట్టీలు ఇంకా మిగిలే ఉన్నాయి, వాటి చుట్టూ టేపు అంటించి (మాస్క్ చేసి) పెయింట్ వేద్దామనుకుంటున్నాను.