మొత్తం సుఖం పెరిగితే చాలా? ఉపయోగితావాదంపై చర్చ

మొదటి పోస్ట్:
అందరి సుఖాన్నీ కలిపి చూసి, ఆ మొత్తాన్ని ఎక్కువగా పెంచే పనే సరైనది అనేది ఉపయోగితావాదం. దాని పేరు వినగానే "ఎక్కువమంది కోసం కొందరిని బలిచ్చే సిద్ధాంతం" అని కొట్టిపారేస్తుంటారు. ఇది అన్యాయం. జంతువులు ఆలోచించగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అని ఈ వాదాన్ని రూపొందించిన ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ 1789లోనే రాశాడు. ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలన్న పిటిషన్‌ను 1866లో బ్రిటిష్ పార్లమెంటు ముందు పెట్టింది ఇదే వాదానికి చెందిన తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్. ఎవరి బాధైనా బాధే, రాజుదైనా కూలివాడిదైనా. పుట్టుకనో ఆచారాన్నో సాకుగా చూపి ఒకరిని లెక్కలోంచి తీసేయడం ఇందులో కుదరదు.

జవాబు:
ఆ ఘనత వాళ్లదే, కాదనను. కానీ మనిషిని లెక్కలో చేర్చినంత మాత్రాన అతనికి రక్షణ దొరికినట్టు కాదు. అమెరికన్ తత్వవేత్త జుడిత్ జార్విస్ థామ్సన్ చెప్పిన ఉదాహరణ చూడండి. ఇద్దరికి కిడ్నీలు, ఇద్దరికి ఊపిరితిత్తులు, ఒకరికి గుండె కావాలి. చెకప్‌కి వచ్చిన ఆరోగ్యవంతుణ్ణి డాక్టర్ గుట్టుగా చంపేస్తే ఆ ఐదుగురూ బతుకుతారు. లెక్క చూస్తే లాభమే!

రేపటి ఆరోగ్యం కోసం నేను ఇవాళ సూది పొడిపించుకుంటే నొప్పీ నాదే, మేలూ నాదే. ఇక్కడ ప్రాణం ఒకరిది, మేలు వేరేవాళ్లది. మనుషులు వేరువేరు అన్న సంగతిని ఈ సిద్ధాంతం పట్టించుకోదని అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో అన్నది ఇందుకే. అందరి సుఖాన్నీ కలిపి "మొత్తం" అంటున్నారు సరే, ఆ మొత్తాన్ని అనుభవించే మనిషి ఎవరు?

మొదటి పోస్ట్ రాసినవారు:
డాక్టర్లు అలా చేస్తారని తెలిస్తే ఆస్పత్రి గడప ఎవరు తొక్కుతారు? ఒక్కో పనినీ విడిగా తూచకుండా, ఏ నియమం పాటిస్తే ఎక్కువ మేలో చూడాలి. "రోగిని చంపకూడదు" అన్న నియమమే గెలుస్తుంది.

జవాబు:
అంటే ఆ మనిషిని చంపడం తప్పయింది, మిగతావాళ్లు భయపడతారనా? అమెరికాలో టస్కిగీ ప్రయోగం 1932 నుంచి 1972 దాకా సాగింది. సిఫిలిస్ ఉన్న వందలమంది నల్లజాతి పురుషులకు అసలు జబ్బేమిటో చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. విషయం బయటపడ్డాక వైద్యం మీద నమ్మకం దెబ్బతింది, నిజమే. కానీ తప్పు జరిగింది బయటపడిన రోజున కాదు. మందు ఇవ్వని ప్రతి రోజూ జరిగింది, ఎవరికీ తెలియకపోయినా.

మరొకరు:
సూత్రాలు సరే. డబ్బు తక్కువ, రోగులు ఎక్కువ అయినప్పుడు ఎవరో ఒకరు లెక్క వేయాల్సిందేగా? బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యంలో ఏ మందులు వాడాలో చెప్పే నైస్ సంస్థ, ఒక మందు ఎన్ని ఆరోగ్యకరమైన ఏళ్లు ఇస్తుందో, ఎంత ఖర్చవుతుందో చూసే సిఫార్సు చేస్తుంది.

జవాబు:
వేయాల్సిందే, ఆ పనికి ఇంతకంటే మంచి పనిముట్టు నాకూ కనబడలేదు. అయితే ఆ పద్ధతిలో వైకల్యం ఉన్నవారి ఏడాదికి తక్కువ విలువ పడే ప్రమాదం ఉందన్న విమర్శ ఉంది. అందుకే ముందు ఎవరికీ చేయకూడనివేమిటో తేల్చుకుని, మిగిలినదాంట్లో లెక్క వేయమంటాను.