ధర్నాకు తెచ్చిన జెండా కర్ర ఆయుధమా? పోలీసులు లాక్కోవచ్చా?

పాలమూరు_శీను:
కొనుగోలు కేంద్రంలో వడ్లు కాంటా వేయడం లేదని మా మండలంలో రైతులం తహసీల్దార్ ఆఫీసు ముందు కూర్చున్నాం. ఎస్సై వచ్చి జెండాల కర్రలన్నీ పీకించి, బట్ట ముక్కలు చేతికిచ్చాడు. "ఆయుధాలతో ధర్నా చేస్తే కేసు పెడతా" అన్నాడు. రాజ్యాంగం 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇచ్చింది, నిజమే. కానీ 1959 ఆయుధాల చట్టం తీసి చదవండి. లాఠీ, మామూలు చేతికర్ర లాంటి ఇంటికీ వ్యవసాయానికీ వాడే వస్తువులు ఆయుధాల లెక్కలోకి రావని నిర్వచనంలోనే ఉంది. మరి మా వెదురు కర్ర ఆయుధం ఎట్లయింది?

గోదారిగట్టు:
మావైపు సన్నటి ప్లాస్టిక్ పైపులు వాడుతున్నారు. ఎవరూ ఆపడం లేదు.

బెజవాడ_వ్యాపారి:
శీను గారూ, మీరు చెప్పిన చట్టం లైసెన్సుల గురించి. గుంపుల సంగతి భారతీయ న్యాయ సంహితలో ఉంది. 189(4) చూడండి. చట్టవిరుద్ధమైన గుంపులో ఉన్నవాడి చేతిలో, దాంతో కొడితే ప్రాణం పోయే వస్తువు ఏదున్నా రెండేళ్ల వరకూ జైలు. అది కత్తా కర్రా అని చూడరు.
నాది మెయిన్ రోడ్డు మీద మొబైల్ షాపు. ఒక పార్టీ ర్యాలీ మా ముందు నుంచి వెళ్తూ గొడవైంది. షాపు అద్దాలు మొత్తం పోయాయి. మా దగ్గర పనిచేసే కుర్రాడికి చేతికి కుట్లు పడ్డాయి. వాళ్ల దగ్గర కత్తులూ తుపాకులూ ఏమీ లేవు, జెండా కర్రలే. అందుకే మీ ఎస్సై చేసింది కరెక్టే అంటాను.

లా_విద్యార్థిని:
ఇద్దరూ సగమే చెబుతున్నారు. 189(4) వర్తించాలంటే ముందు అది చట్టవిరుద్ధమైన గుంపు కావాలి. ఐదుగురో అంతకన్నా ఎక్కువో ఉండాలి, చట్టం చెప్పిన తప్పుడు ఉద్దేశాల్లో ఒకటి ఉండాలి. వడ్లు కొనమని కూర్చుంటే ఆ సెక్షన్ రాదు. కానీ ఆస్తుల ధ్వంసం మీద సుప్రీంకోర్టు 2009లో ఇచ్చిన తీర్పు ఉంది. ఊరేగింపుల్లో కత్తులు, లాఠీల లాంటివన్నీ నిషేధించాలని ఆ మార్గదర్శకాల్లో ఉంది.

పాలమూరు_శీను:
లాఠీ అని ఉంది. జెండా కర్ర అని ఉందా?

లా_విద్యార్థిని:
"లాంటివి" అని కూడా ఉంది అన్నా.

పాలమూరు_శీను:
అట్లయితే గొడుగు కూడా లాంటిదే. ముసలాయన ఊతకర్ర కూడా లాంటిదే. మా ధర్నాలో డెబ్బై దాటిన పెద్దమనిషి చేతికర్ర కూడా గుంజుకున్నారు. ఆయన పొద్దంతా ఇంకొకరి భుజం పట్టుకుని నిలబడ్డాడు. దీనికి జవాబు చెప్పండి.

డల్లాస్_రఘు:
నేను అమెరికాలో, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. 2016 జులై 7న డల్లాస్ డౌన్‌టౌన్ నిరసనకు కొందరు రైఫిళ్లు భుజాన వేసుకుని వచ్చారు. టెక్సాస్‌లో అది నేరం కాదు. ఒకడు కాల్పులు మొదలుపెట్టి ఐదుగురు పోలీసుల్ని చంపాడు. ఆ గందరగోళంలో, ఏ పాపం ఎరగకుండా రైఫిల్‌తో నడుస్తున్న ఒకాయన ఫోటోని పోలీసులే అనుమానితుడంటూ ట్విట్టర్‌లో పెట్టారు. ఇక్కడే వాషింగ్టన్ రాష్ట్రం 2021లో నిరసనల దగ్గర తుపాకులు పైకి కనిపించేలా తీసుకురావడాన్ని నిషేధించింది. ఒకసారి వదిలేస్తే ఎంత దూరం పోతుందో చూశాను. కర్ర దగ్గరే ఆపడం నయం.

పాలమూరు_శీను:
వడ్ల ధర్నాకూ రైఫిల్‌కూ పోలికా? మీరు అక్కడ కూర్చుని మాకు బుద్ధులు చెప్పకండి.

నల్గొండ_యాదగిరి:
పోలీసుల లాఠీల గురించి ఎవరూ మాట్లాడరేం?

బెజవాడ_వ్యాపారి:
మీ కర్ర పోతే మీకు కోపం. నా అద్దాలు పోతే మాత్రం ఉద్యమంలో అలాంటివి మామూలే అంటారు. ఆ అప్పు నేను ఇంకా కడుతున్నాను.

పాలమూరు_శీను:
రైతు రోడ్డెక్కితే చాలు, దుకాణాల వాళ్లకు దొంగల్లాగే కనిపిస్తాం.

మోడరేటర్:
వ్యక్తిగత దూషణలున్న రెండు పోస్టులు తీసేశాం. విషయం మీదే మాట్లాడండి.

పాలమూరు_శీను:
విషయమే చెప్తా. అదే వారంలో అదే రోడ్డు మీద అధికార పార్టీ బైక్ ర్యాలీ పోయింది. మనిషెత్తు కర్రలకు జెండాలు కట్టుకుని పోయారు. అదే ఎస్సై ముందుండి ట్రాఫిక్ ఆపి దారి ఇచ్చాడు. రూల్ అందరికీ ఒకటే అయితే నేనే నా చేతులతో కర్రలు తీసి పక్కన పెడతా. మాకొక్కరికే ఉన్న రూల్‌ను మాత్రం ఒప్పుకోను.

బెజవాడ_వ్యాపారి:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. నా బాధ కూడా కర్ర గురించి కాదు. ర్యాలీకి అనుమతి తీసుకున్న నాయకుడే స్టేషన్‌లో నా ఎదురుగా "వాళ్లు మావాళ్లు కాదు" అనేసి వెళ్లిపోయాడు. ఎవరి మీద కేసు పెట్టాలో కూడా తెలియలేదు.

లా_విద్యార్థిని:
ఆస్తుల ధ్వంసం మీద ఉన్న 1984 చట్టం ప్రభుత్వ ఆస్తులకే పనికొస్తుంది, మీ షాపుకు రాదు. కానీ 2009 తీర్పు ప్రకారం ర్యాలీ ప్రశాంతంగా జరుపుతామని నిర్వాహకులు పూచీ రాసివ్వాలి. నష్టం జరిగితే పగలగొట్టినవాళ్లతో పాటు నిర్వాహకులు కూడా బాధ్యులు. లెక్క తేల్చడానికి హైకోర్టు క్లెయిమ్స్ కమిషనర్‌ని వేయొచ్చు.

పాలమూరు_శీను:
మేం ఇప్పుడే సంతకం పెడతాం. ఆ బైక్ ర్యాలీ వాళ్ల చేత ఎవరు పెట్టిస్తారు?

బెజవాడ_వ్యాపారి:
వాళ్లు పెట్టేదాకా ఏ జెండాకూ కర్ర వద్దనే అంటాను. మీదైనా సరే.