ఆసుపత్రి నుంచి నేరుగా కేర్ హోమ్‌కు: నాన్నగారితో ఈ సంగతి ఎలా చెప్పాలి?

ప్రశ్న
మా నాన్నగారికి 82 ఏళ్లు. తుంటి ఎముక విరిగి హైదరాబాదులో ఆపరేషన్ జరిగింది, వచ్చే వారం డిశ్చార్జి చేస్తామంటున్నారు. మా ఇల్లు లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండటం వల్ల, అమ్మకూ మోకాళ్ల నొప్పులు ఉండటం వల్ల, ఆయన నడక కుదుటపడేవరకు నర్సులు, ఫిజియోథెరపీ ఉన్న హోమ్‌లో చేర్పించాలనుకుంటున్నాం. "ఇంటికేనని చెప్పి కారెక్కించండి, తరువాత ఆయనే సర్దుకుంటారు" అని బంధువుల సలహా. నాకు మనసొప్పడం లేదు. పైగా సాయంత్రమయ్యేసరికి ఆయన ఎక్కడున్నదీ మరచిపోయి పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం (విశ్రాంత స్టాఫ్ నర్సు)
అబద్ధం చెప్పి తీసుకెళ్లవద్దు. కారు దిగగానే అది బయటపడుతుంది, ఆ తరువాత అక్కడివారు మాత్ర ఇచ్చినా ఆయన అనుమానంగానే చూస్తారు.

ఇక ఆ అయోమయం గురించి. ఆపరేషన్ తరువాత పెద్దవారిలో తరచుగా కనిపించే ఈ స్థితిని డెలీరియం అంటారు. ఇది పూటపూటకూ మారుతూ, చాలామందిలో చీకటి పడ్డాక ఎక్కువవుతుంది. ఇన్ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం, కొన్ని రకాల మందులు దీనికి కారణం కావచ్చు కనుక, వయసు కదా అని ఊరుకోకుండా ఈరోజే డాక్టరు దృష్టికి తీసుకెళ్లండి.

చెప్పవలసినది ఆయన తేటగా ఉన్న పూట, కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే అదీ పెట్టి, టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని చెప్పండి. అరవవద్దు, వయసుతో ముందుగా తగ్గేది కీచుగా ఉండే (హై పిచ్) శబ్దాల వినికిడి కాబట్టి, గొంతు పెంచినంత మాత్రాన మాట స్పష్టం కాదు. ఒక విడతలో ఒక్క విషయమే చెప్పి, "ఈ సంగతి అమ్మతో మీరెలా చెబుతారు నాన్నా?" అని అడిగితే ఎంతవరకు అర్థమైందో ఆయన మాటల్లోనే తెలుస్తుంది.

సమాధానం (హోమ్ నిర్వహణ చూసేవారు)
డిశ్చార్జి సమ్మరీతోపాటు మీరొక పేజీ రాసి ఇవ్వండి: ఏ చెవి బాగా వినిపిస్తుంది, కాఫీ ఎన్నింటికి, రాత్రి దీపం ఉండాలా, ఆయన్ని ఏమని పిలవాలి. మా దగ్గర రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, కుర్రాళ్లు "తాతా" అంటే పలికేవారు కారు. "మాస్టారూ" అన్న రోజు నుంచి వ్యాయామానికి తానే లేచారు. ఆసుపత్రిలో ఏ మందు ఆపారో, ఏది కొత్తగా మొదలుపెట్టారో కూడా రాయించుకోండి, ఎందుకంటే ఇంట్లోని పాత బీపీ మాత్రా, ఆసుపత్రి వారు రాసినదీ పేర్లు వేరైనా ఒకే మందు కావచ్చు.

సమాధానం (తల్లిని ఇలాగే చేర్పించిన కొడుకు)
పై ఇద్దరి మాటలకు ఒకటి చేరుస్తాను. ఫలానా తేదీకి ఇంటికి తెచ్చేస్తామని మాట ఇవ్వవద్దు, పెద్దవాళ్లు క్యాలెండరు చూసి లెక్కపెడతారు. "మెట్లెక్కగలిగాక డాక్టరు గారితో కలిసి మాట్లాడుకుందాం" అనడం నిజం, ఆశా మిగులుతుంది. కిటికీ పక్క మంచమా, ఏ దుప్పటి తేవాలి వంటివి ఆయన్నే తేల్చనివ్వండి. తేటగా ఉన్నప్పుడు కూడా వద్దంటే ఆగవలసిందే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లల మీద బాధ్యత పెట్టింది గాని, వారి ఇష్టానికి విరుద్ధంగా ఎక్కడైనా చేర్చే హక్కు ఇవ్వలేదు. అప్పుడు కింది అంతస్తులో అద్దె ఇల్లు, ఇంటికి వచ్చే అటెండరు వంటి దారులు చూడండి. హోమ్‌ల వివరాలకు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ అయిన ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు, అది ఉచితం.